తడి నల్ల పైపు పొడవును లేజర్‌తో కొలవొచ్చా? డ్రిప్ పైపు లైను గురించి అడిగినవారికి జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. చౌటుప్పల్ దగ్గర మీది 16 ఎంఎం డ్రిప్ లాటరల్ (సాళ్ల వెంట పరిచే సన్న పైపు) తయారు చేసే లైను, స్పీడు నిమిషానికి 80 మీటర్లు. కూలింగ్ ట్యాంకు దాటాక పైపును ఆనుకొని తిరిగే మీటర్ వీల్ ఉంది, అది ఎంత తిరిగిందో పల్సుల్లో చెప్పే ఎన్‌కోడర్ లెక్క మీదే 500 మీటర్ల బండిల్ కట్ అవుతోంది. బత్తాయి తోటలో బండిల్ విప్పి పరిస్తే మూడు నాలుగు మీటర్లు తక్కువ పడుతోందని రైతులు డీలర్‌ను అడుగుతున్నారు, డీలర్ మిమ్మల్ని అడుగుతున్నాడు. పైపు తడిగా ఉండి వీల్ జారుతోందని, లేజర్ పెడదామని మీ ఓనర్ అంటున్నారు. నల్లటి, నున్నటి, తడి పైపు మీద లేజర్ పనిచేస్తుందా, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో తక్కువ ధరకు దొరికే లేజర్ టాకోమీటర్ (చుట్ల వేగం కొలిచేది) సరిపోతుందా అని అడిగారు.

పనిచేస్తుంది. పైపును ముట్టుకోకుండా, దాని ఉపరితలం ఎంత వేగంగా కదులుతోందో లేజర్ డాప్లర్ పద్ధతిలో కొలిచే పరికరాలు నల్ల పైపు మీద కూడా నమ్మకంగా నడుస్తాయి. సరిగ్గా బిగిస్తే తప్పు వెయ్యిలో ఒక పాలు కూడా ఉండదు. రాణిగంజ్ టాకోమీటర్ మాత్రం ఈ పనికి రాదు. అయితే మీ ఓనర్‌గారికి ముందు చెప్పాల్సిన మాట ఇంకోటి ఉంది. మీ కొరతకు కారణం వీల్ జారడం కాదు. వీల్ జారితే పైపు ముందుకు పోతుంది కానీ వీల్ తిరగదు, లెక్క తక్కువ పడుతుంది. లెక్క 500 చేరేసరికి అసలు పైపు 500 దాటి ఉంటుంది. అంటే జారితే రైతుకు పైపు ఎక్కువ పోవాలి, మీకు నష్టం రావాలి. మీ దగ్గర జరుగుతున్నది దానికి తలకిందులు. కాబట్టి జారుడు ఆపడానికని లేజర్ కొంటే లక్షలు పోతాయి, ఫిర్యాదు మాత్రం పోదు.

మరి కొరత ఎక్కడిది? నేను ఇన్‌స్ట్రుమెంటేషన్ పనిలో కొత్తూరు, షాద్‌నగర్, జడ్చర్ల వైపు కేబుల్ లైన్లు, రీరోలింగ్ మిల్లులు, పైపు యూనిట్లు చూస్తూ వచ్చినవాణ్ణి. మీలాంటి లైన్లలో నాకు ఎదురైన కారణాలు చెప్తాను.

మొదటిది వీల్ అరుగుదల. మీ వీల్ చుట్టుకొలత 200 ఎంఎం అనుకుందాం. రబ్బరు చుట్టూ 0.1 ఎంఎం అరిగితే వ్యాసం 0.2 ఎంఎం తగ్గుతుంది, చుట్టుకొలత 0.3 శాతం తగ్గుతుంది. పీఎల్‌సీ (లైనును నడిపే కంట్రోల్ కంప్యూటర్) మాత్రం ఒక చుట్టుకు ఇంకా 200 ఎంఎం అనే లెక్కేస్తుంది. 500 మీటర్ల మీద ఇదొక్కటే మీటరున్నర కొరత. కంటికి కనబడని అరుగుదల ఇంత పని చేస్తుంది. గాడి ఉన్న వీల్ అయితే ఇంకో చిక్కు. వి ఆకారం గాడిలో 16 ఎంఎం పైపు ఒక లోతున కూర్చుంటుంది, 12 ఎంఎం పైపు ఇంకా కిందికి దిగుతుంది. దిగినకొద్దీ లెక్కకొచ్చే వ్యాసం తగ్గుతుంది. 16 ఎంఎంకు సెట్ చేసిన అంకెనే 12 ఎంఎంకు వాడితే ప్రతి బండిల్‌లోనూ పైపు తక్కువే పోతుంది. మీ ఫిర్యాదులు ఏ సైజు మీద ఎక్కువ వస్తున్నాయో డీలర్‌ను అడగండి.

రెండోది ఎన్‌కోడర్‌కు ఒకటే చానల్ (సిగ్నల్ వైరు) వైరింగ్ చేయడం. పాత లైన్లలో ఇది చాలా మామూలు. బండిల్ మార్చేటప్పుడు పైపు కాస్త ముందుకూ వెనక్కూ ఊగుతుంది. ఒకే చానల్ ఉంటే పీఎల్‌సీకి దిక్కు తెలియదు, ఆ ఊపులన్నీ ముందుకు పోయినట్టే లెక్కలో కలుపుతుంది. రెండు చానళ్లు కలిపితే ఈ గొడవ పోతుంది, దానికి ఖర్చు వైరు ముక్కంత.

మూడోది, అసలైనది, పైపు కుంచించుకోవడం. దీన్ని ఏ మీటరూ పట్టుకోదు. లాటరల్ పైపు మెత్తటి పాలీఇథిలీన్. డిగ్రీ చల్లబడితే లక్షలో సుమారు 18 నుంచి 20 పాళ్లు పొడవు తగ్గుతుంది. ఇనుముకైతే ఇది లక్షలో ఒకటి పైచిలుకే. ట్యాంకు దాటి వీల్ దగ్గరకు వచ్చేసరికి మీ పైపు గోడ లోపల ఇంకా 50 డిగ్రీలు ఉందనుకోండి, గోడౌన్‌లో రాత్రికి 30కి దిగుతుంది. 20 డిగ్రీల తేడాకు 500 మీటర్ల మీద 1.8 మీటర్లు. ఇది ఉత్త చల్లదనానికి పోయేది. హాల్-ఆఫ్ (పైపును ముందుకు లాగే యంత్రం) లాగినప్పుడు ప్లాస్టిక్‌లో బిగుసుకుపోయిన సాగుడు తర్వాత నెమ్మదిగా వదులుతుంది, దాంతో ఇంకొంచెం పోతుంది. పైగా హాల్-ఆఫ్‌కూ, పైపును బండిల్‌గా చుట్టే కాయిలర్‌కూ మధ్య పైపు బిగుతుగా ఉంటే, అక్కడే వీల్ పెడితే, సాగిన పైపును కొలుస్తున్నట్టే. 16 ఎంఎం పైపు గోడ 1.2 ఎంఎం అయితే ఐదు కిలోల లాగుడుకే వెయ్యిలో సుమారు మూడు పాళ్లు సాగుతుంది. 500కు అది ఇంకో మీటరున్నర.

వీటిలో ఏ రెండు కలిసినా మీ మూడు నాలుగు మీటర్లకు లెక్క సరిపోతోంది. రైతు అబద్ధం చెప్పట్లేదు, మీ ఆపరేటర్ కూడా తప్పు చేయట్లేదు. పైపు లైను మీద ఉన్నప్పటి పొడవు వేరు, తోటలో పరిచినప్పటి పొడవు వేరు. ఒక్క మాట, మే నెల మధ్యాహ్నం మన నల్లగొండ ఎండలో నల్ల పైపు కాలి అరవై డిగ్రీలకు చేరితే, అదే పైపు రెండు మూడు మీటర్లు పెరిగి సాళ్లలో పాములా వంకర్లు తిరుగుతుంది. తెల్లవారుజామున చూస్తే మళ్లీ బిగుస్తుంది. అందుకే ఫిర్యాదు వచ్చినప్పుడు ఏ పూట పరిచారో కూడా అడగాలి.

లేజర్ కొనే ముందు చేయాల్సిన పరీక్ష. దీనికి పైసా ఖర్చు లేదు. నడుస్తున్న లైనులో వీల్ లెక్క ప్రకారం సరిగ్గా పది మీటర్ల దూరంలో పైపు మీద రెండు గుర్తులు పెట్టించండి. మీకు ఇంక్‌జెట్ ప్రింటర్ ఉంటే మీటరు మీటరుకు అది కొట్టే గుర్తులే చాలు. ఆ ముక్క కోసి, వెంటనే, వేడి పోకముందే, నేల మీద తిన్నగా పరిచి స్టీలు టేపుతో కొలవండి. కొలిచిన అంకె రాసుకొని, ముక్కను నీడలో అలాగే వదిలేసి, మరునాడు అదే సమయానికి మళ్లీ కొలవండి. మొదటి కొలత పది మీటర్లకు ఎంత తక్కువుందో అది వీల్ తప్పూ, లాగుడు తప్పూ. రెండో కొలత మొదటిదానికంటే ఎంత తగ్గిందో అది కుంచించుకున్నది. ఇవి రెండూ విడిపోతే మీకు దారి కనబడుతుంది. పది మీటర్లకు మొదటి కొలతలో మూడు సెంటీమీటర్లు తక్కువుంటే 500 మీద మీటరున్నర. ఒక్క ముక్కతో తీర్మానం చేయకండి, పొద్దున షిఫ్టులో కొన్ని, రాత్రి షిఫ్టులో కొన్ని తీయండి. ఎండలో కాగిన స్టీలు టేపు కూడా పెరుగుతుంది కానీ, 25 డిగ్రీల తేడాకు 30 మీటర్ల టేపు పెరిగేది తొమ్మిది మిల్లీమీటర్ల లోపే. మీ కొరత ముందు అది లెక్కలోకి రాదు.

కుంచించుకునే భాగానికి మందు పీఎల్‌సీలోనే ఉంది. మరునాటి కొలతలో వచ్చిన శాతాన్ని కట్ పొడవుకు కలపండి. వేసవికీ చలికాలానికీ వేరే అంకెలు పడతాయి, ఎందుకంటే ట్యాంకు నీళ్ల వేడి మారుతుంది. నీళ్లు చల్లగా ఉంచితే తేడా తగ్గుతుంది, చిల్లర్ సరిగా నడుస్తోందో లేదో ముందు చూడండి.

ఇక లేజర్ సంగతికి వద్దాం. అది ఎలా కొలుస్తుందో తెలిస్తే, అమ్మేవాళ్లను ఏం అడగాలో తెలుస్తుంది.

రాణిగంజ్‌లో దొరికే చేతి టాకోమీటర్‌లో కూడా లేజర్ ఉంటుంది. కానీ అది చేసేది తిరిగే షాఫ్ట్ మీద అంటించిన మెరుపు స్టిక్కర్ ఎన్నిసార్లు ఎదురైందో లెక్కపెట్టడం మాత్రమే. నిమిషానికి ఎన్ని చుట్లో చెప్తుంది. తిన్నగా పోయే పైపు మీద స్టిక్కర్ ఎక్కడ అంటిస్తారు? రోలర్ మీద అంటిస్తే మళ్లీ రోలర్ వ్యాసం, దాని అరుగుదల, దాని జారుడు, అన్నీ మొదటికొస్తాయి. విజయవాడ హైవే మీద పోలీసులు పట్టుకునే స్పీడ్ లేజర్ గన్ కూడా వేరే జాతి. అది వెలుగు పోయి రావడానికి పట్టిన సమయంతో దూరం కొలిచి, ఆ దూరం ఎంత త్వరగా తగ్గుతోందో లెక్కేస్తుంది. బండి దానివైపు రావాలి. ఎదుట అడ్డంగా పోయే పైపు దానికి ఎప్పుడూ ఒకే దూరంలో ఉంటుంది.

మీకు కావలసినదానిలో ఒకే లేజర్‌ను రెండు కిరణాలుగా చీల్చి, రెండింటినీ పైపు మీద ఒకే చోట కలిపేలా వేస్తారు. కలిసిన చోట వెలుగు చీకట్ల సన్నటి చారలు ఏర్పడతాయి. పైపు ఎంత నున్నగా కనబడినా దాని మీద కంటికి అందని గరుకు ఉంటుంది. ఆ గరుకు ఒక్కో చారను దాటుతున్నప్పుడు వెనక్కి చిమ్మే వెలుగు హెచ్చుతగ్గులవుతుంది. దువ్వెన పళ్ల మీద గోరు గీస్తే, గీసే వేగం పెరిగినకొద్దీ మోత సన్నబడినట్టే ఇక్కడా జరుగుతుంది. పళ్ల మధ్య దూరం తెలిస్తే, మోతను బట్టి గోరు వేగం చెప్పొచ్చు. లేజర్ రంగు (తరంగదైర్ఘ్యం) 660 నానోమీటర్లు, రెండు కిరణాల మధ్య కోణం పదకొండున్నర డిగ్రీలు అయితే చారల మధ్య దూరం 3.3 మైక్రోమీటర్లు. నిమిషానికి 80 మీటర్లంటే సెకనుకు 1.33 మీటర్లు. అప్పుడు డిటెక్టర్‌లో కనబడేది సెకనుకు నాలుగు లక్షల కొట్టుకోళ్లు, అంటే 400 కిలోహెర్ట్జ్. వేగాన్ని క్షణక్షణం కూడుకుంటూ పోతే పొడవు వస్తుంది. కదలిక వల్ల తరంగాల పౌనఃపున్యం మారుతుందనే, దీనికి మూలమైన సూత్రాన్ని డాప్లర్ అనే శాస్త్రవేత్త 1842లో చెప్పాడు. లేజర్ వచ్చిన కొన్నేళ్లకే, 1964లో, కొలంబియా విశ్వవిద్యాలయంలో యే, కమిన్స్ అనే ఇద్దరు హీలియం-నియాన్ లేజర్‌తో నీళ్ల పారుదల వేగాన్ని ఆ సూత్రంతో కొలిచి చూపారు. ఫ్యాక్టరీల్లోని పరికరాలు ఆ దారిలో వచ్చినవే.

ఇందులో గమనించండి, పైపు రంగు గానీ, మందం గానీ, వేడి గానీ లెక్కలో లేవు. ఉన్నవి రెండే: లేజర్ రంగు, కిరణాల కోణం. అరిగేది ఏదీ లేదు. దీని బలమంతా అక్కడే ఉంది.

బలహీనత కూడా అక్కడే. లేజర్ డయోడ్ (వెలుగునిచ్చే చిన్న చిప్) వేడెక్కితే దాని రంగు జరుగుతుంది. మామూలు ఎర్ర డయోడ్ డిగ్రీకి 0.2 నానోమీటర్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే జరుగుతుంది. మన దగ్గర జనవరి తెల్లవారుజాముకూ మే మధ్యాహ్నానికీ షెడ్డులో 30 డిగ్రీల తేడా సులభంగా ఉంటుంది. 660లో ఆరు నానోమీటర్లు జరిగితే తప్పు దాదాపు ఒక శాతం, అంటే 500 మీటర్ల మీద నాలుగున్నర మీటర్లు! ఇప్పుడు మీకున్న కొరత కంటే అదే ఎక్కువ. అందుకే మంచి పరికరంలో డయోడ్‌ను ఒకే వేడి దగ్గర పట్టి ఉంచే పెల్టియర్ అనే కరెంటు పలక ఉంటుంది, లేదా కిరణాలను అద్దాలతో కాకుండా గ్రేటింగ్‌తో (సన్నటి గీతలున్న పలకతో) చీల్చుతారు. గ్రేటింగ్ వాడితే రంగు మారినప్పుడు కోణం కూడా దానికి తగ్గట్టే మారి రెండూ కొట్టేసుకుంటాయి, చారల దూరం మారదు. అమ్మేవాళ్లను మొట్టమొదట అడగాల్సింది ఇదే: 45 డిగ్రీల షెడ్డులో మీ తప్పు ఎంత, దేనితో అదుపు చేస్తున్నారు? దానికి తేట సమాధానం రాకపోతే ధర ఎంత తక్కువైనా వదిలేయండి.

ఇప్పుడు మీ పైపు గురించి. డ్రిప్ లాటరల్‌లో ఎండకు తట్టుకోవడానికి కార్బన్ బ్లాక్ రెండు శాతం పైచిలుకు కలుపుతారు. అది వేసిన వెలుగులో చాలా భాగం మింగేస్తుంది, కాబట్టి ఎక్కువ పవర్ లేజర్ కావాలి. తడి పల్చటి పొరగా ఉంటే ఇబ్బంది లేదు, వెలుగు దాన్ని దాటి పైపును చేరుతుంది. బొట్లు బొట్లుగా జారుతుంటే మాత్రం ఒక్కో బొట్టు తన వేగాన్ని చెప్తుంది, సిగ్నల్ తెగుతుంది. ట్యాంకు బయట పైపు చుట్టూ ఉండే గాలి ఊదే రింగు సరిగా పనిచేస్తే చాలు. సెన్సర్‌ను దానికి కనీసం అర మీటరు తర్వాత పెట్టండి, ఊదిన తుంపర లెన్సు మీద పడకుండా.

మీకు నిజంగా కష్టమిచ్చేది పైపు సన్నదనం. 16 ఎంఎం గుండ్రటి పైపు మీద లేజర్ మచ్చ రెండు మూడు మిల్లీమీటర్లు. పైపు పక్కకు ఊగితే మచ్చ గుండ్రం పక్కకు జారి వెలుగు తిరిగి రాదు. సెన్సర్‌కు ముందొకటి వెనకొకటి గైడ్ రోలర్లు తప్పనిసరి. దూరం కూడా ముఖ్యం. సెన్సర్‌కు 300 ఎంఎం దూరం అని రాసి ఉంటే, దానికి అటూ ఇటూ కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే బాగా కొలుస్తుంది. నాసిరకం పరికరాల్లో కిరణాలు సరిగా కలవవు, చారల దూరం దగ్గరొకటి దూరమొకటిగా ఉంటుంది, పైపు పైకీ కిందికీ ఆడితే వేగం మారినట్టు చూపిస్తుంది. డెమోకి వచ్చినప్పుడు నడుస్తున్న పైపును చేత్తో కాదు, రోలర్ ఎత్తు మార్చి, ఐదు మిల్లీమీటర్లు పైకి కిందికి జరిపించి అంకె కదులుతుందేమో చూడండి.

బిగించేటప్పుడు వంకర గురించి చాలామంది భయపడతారు, కొంతమంది అసలు పట్టించుకోరు. సెన్సర్ పైపు దిక్కుకు ఒక డిగ్రీ వంకరగా ఉంటే తప్పు 0.015 శాతం, రెండు డిగ్రీలకు 0.06, ఐదు డిగ్రీలకు 0.38. ఒకటి రెండు డిగ్రీలకు కంగారు పడక్కర్లేదు, ఐదైతే రెండు మీటర్ల లెక్క. వంకర వల్ల ఎప్పుడూ వేగం తక్కువే కనబడుతుంది, అంటే పైపు ఎక్కువ పోతుంది. బ్రాకెట్‌ను ఊగే ట్యాంకు స్టాండుకు కాకుండా నేలలో దిగ్గొట్టిన కాలికి బిగించండి.

ఇంకో విషయం, లైను ఆగినప్పుడు. చవక రకాలకు సున్నా వేగం దగ్గర సిగ్నల్ ఉండదు, వెనక్కి జరిగితే తెలియదు. మంచివాటిలో ఒక కిరణం పౌనఃపున్యాన్ని బ్రాగ్ సెల్ అనే భాగంతో కొంచెం జరుపుతారు, దాంతో చారలే నడుస్తున్నట్టవుతుంది. పైపు ఆగినా సిగ్నల్ ఉంటుంది, దిక్కూ తెలుస్తుంది. బండిల్ మార్చేటప్పుడు మీ లైను ఆగుతుందా, లేక కాయిలర్ మారుతూ నడుస్తూనే ఉంటుందా అన్నదాన్ని బట్టి ఇది అవసరమో కాదో తేల్చుకోండి. పీఎల్‌సీ మార్చాల్సిన పని లేదు. ఈ పరికరాలు ఎన్‌కోడర్‌లాగే పల్సులు ఇస్తాయి, ఇంక్‌జెట్ ప్రింటర్‌కు కూడా అవే పల్సులు కలపొచ్చు.

కళ్ల జాగ్రత్త. నల్ల పైపుకు తగిన లేజర్లు చాలావరకు 3బి తరగతివి. నేరుగా గానీ, మెరిసే పానా మీద పడి తిరిగి వచ్చినా గానీ కన్ను పోగొట్టే శక్తి వాటిది. రెప్ప పడేలోపే దెబ్బ తగులుతుంది. కిరణం చుట్టూ రేకు డబ్బా, తలుపు తీస్తే ఆగిపోయే స్విచ్, తాళం చెవి సూపర్‌వైజర్ దగ్గర. ట్యాంకు దగ్గర వంగి పైపు తగిలించే కుర్రాళ్ల మొహాల ఎత్తులో కిరణం ఎప్పుడూ పెట్టకండి. ఇందులో రాజీ పడొద్దని మీ ఓనర్‌కు నా మాటగా చెప్పండి.

ఎక్కడ లేజర్ తప్పదు, ఎక్కడ అక్కర్లేదు అన్నదానికి నా అనుభవంలోవి రెండు. రీరోలింగ్ మిల్లులో ఎర్రగా కాగిన కమ్మి వస్తుంటే దాన్ని ముట్టుకునే వీల్ ఉండదు, పొలుసు రాలుతుంది, నీళ్లు చిమ్ముతాయి. అక్కడ వేగం, కోత పొడవు సరిగా కావాలంటే లేజర్ తప్ప దారి లేదు. కమ్మి సొంత వెలుగు అడ్డు రాకుండా లేజర్ రంగును మాత్రమే లోపలికి వదిలే ఫిల్టర్ పెడతారు, లెన్సు ముందు గాలి తెర నడుపుతారు. అదే వాడపల్లి వైపు సిమెంటు ప్లాంటులో కన్వేయర్ బెల్టు వేగానికి లేజర్ పెడదామా అని ఒకసారి అడిగారు, వద్దన్నాను. బెల్టు మీద వేసే తూకంలోనే అర శాతం తప్పు ఉన్నప్పుడు, వేగాన్ని వెయ్యిలో పాలు దాకా కొలిచి లాభం లేదు. పైగా ఆ దుమ్ములో గంటగంటకూ లెన్సు తుడవాలి. తోక పుల్లీకి (బెల్టు వెనక చివర తిరిగే పుల్లీకి) మంచి ఎన్‌కోడర్ చాలు.

మీది ఈ రెండింటికీ మధ్యలో ఉంది. రోజుకు 20 గంటలు నడిస్తే 96,000 మీటర్లు. ఇప్పుడు ఫిర్యాదుకు భయపడి ప్రతి బండిల్‌కూ అర శాతం కలిపి ఇస్తే రోజుకు 480 మీటర్లు, దాదాపు ఒక బండిల్ ఊరికే పోతుంది. నెల మీద ఆ ధర లెక్కేసి, లేజర్ కొటేషన్ పక్కన పెట్టి చూడండి. ఒక్క లైనే ఉంటే నా సలహా: కొత్త వీల్, గాడి లేనిది, రబ్బరుకు బదులు గట్టి పాలీయురెథేన్ పూతది, రెండు చానళ్ల ఎన్‌కోడర్‌తో, హాల్-ఆఫ్ దాటాక పైపు వదులుగా ఉన్న చోట. నెలకోసారి వీల్ వ్యాసాన్ని మైక్రోమీటర్‌తో చూసి పీఎల్‌సీలో దిద్దండి. దీంతో తప్పు 0.1 శాతం దగ్గరకు రావాలి. మూడు నాలుగు లైన్లుండి, సైజులు తరచూ మారుస్తుంటే, ప్రతిసారీ వీల్ సెట్ చేసే బాధ పోతుంది కాబట్టి లేజర్‌కు డబ్బు పెట్టొచ్చు. అదీ మీ సొంత తడి పైపు మీద, మీ షెడ్డులో, కనీసం ఒక వారం ట్రయల్ ఇచ్చాకే. షోరూములో ఆరిన తెల్ల పైపు మీద చూపించిన డెమోకు విలువ ఇవ్వకండి.

పది మీటర్ల పరీక్ష చేశాక రెండు కొలతలూ, వీల్ దగ్గర పైపు ఎంత వేడిగా ఉందో, వీల్‌కు గాడి ఉందో లేదో ఇక్కడే రాయండి. కట్ పొడవుకు ఎంత కలపాలో లెక్క వేసి ఇస్తాను.